బతికున్న మనిషి చావు కాగితం

పోయిన వారం నెవెనాని బెలిదోల్ స్టాపులో బస్సు దింపి వదిలేశాం. ఆమె చేతిసంచిలో ఒక కాగితం ఉంది. పన్నెండు కొట్టేలోపు దాని మీద దోబ్రిన్కా మామ్మ సంతకం పడాలి.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. నెవెనా రాజధాని సోఫియాలో ఒక విదేశీ తిండి కంపెనీలో పనిచేస్తుంది. ‘మామ్మ వంటిల్లు’ అనే ల్యూతెనిత్సా పచ్చడిని, అంటే మన ఎర్ర మిరపకాయలూ టమాటాలూ ఉడికించి చేసేదాన్ని, ఈ దేశంలో జనం చేత కొనిపించడం ఆమె పని. సీసా మీద తలగుడ్డ కట్టుకుని నవ్వే ముసలమ్మ దోబ్రిన్కాయే. నెవెనా తల్లి రబ్బరు ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు చేసే రోజుల్లో పక్కింట్లోంచి వచ్చి ఈ పిల్లకి అన్నం పెట్టి, జడ వేసి, బడికి పంపింది ఆ ముసలావిడే.

ఈ దేశంలో మనిషి పోతే ఫొటోతో చావు కాగితం అచ్చేసి వీధుల్లో అంటిస్తారు. కంపెనీ మొన్న రాత్రి పదకొండు ఊళ్లలో ఇంటి తలుపులకీ, చెట్లకీ, కరెంటు స్తంభాలకీ అచ్చం అలాంటి ప్రచార కాగితాలు అంటించింది. అవి చూసి దోబ్రిన్కా పోయిందనుకుని నిన్న ఆవిడ ఊరు బెలిదోల్ చర్చిలో చావు గంట కొట్టేశారు. మేయరుకి ఒళ్లు మండి ఇవాళ పన్నెండింటికి టీవీ వాళ్లని పిలిచాడు. ఇదంతా తనకు ముందే తెలుసనీ, ఫొటో కూడా తానే ఇచ్చాననీ ముసలావిడ సంతకం పెడితే గొడవ సద్దుమణుగుతుంది. పెట్టకపోతే, “ప్రచారానికి సరే అన్న ఉత్తరం మీద ఉన్నది నీ పేరేగా నెవెనా” అని డైరెక్టర్ ఓగ్న్యాన్ ఫోన్లో చాలా మెత్తగా గుర్తు చేశాడు. నిజమే. ఆ రోజు నలభై ఫైళ్లు ఒక్కసారి వచ్చాయి. విప్పి చూడకుండానే ఒక్క టిక్కుతో అన్నిటికీ సరే అనేసింది. నిన్నటి నుంచి విప్పి చూసే ధైర్యం రాలేదు.

ఇప్పుడు చూసింది. దోబ్రిన్కా ఇంటి గేటుకే అంటించి ఉంది.

చుట్టూ నల్ల అంచు. పైన శిలువ ఉండాల్సిన చోట, చూసీ చూడగానే శిలువే అనిపించేలా గీసిన మిరపకాయ. దాని కింద, “తీరని విచారంతో... నలభై రోజులుగా మన మధ్య లేదు”. నడుమ ఫొటో. ఫొటో కింద పెద్ద అక్షరాల్లో ‘మామ్మ దోబ్రిన్కా’. ఆ కింద, కళ్లద్దాలు ఉన్నవాళ్లకి కూడా కష్టమయ్యేంత చిన్నగా, “చేతి అసలు రుచి. సెప్టెంబరు పదిహేనున తిరిగి వస్తోంది”.

చావు కాగితాన్ని ఈ దేశంలో ఎవరు చివరిదాకా చదువుతారు? ఫొటో చూస్తాం, పేరు చూస్తాం, శిలువ వేసుకుని, అయ్యో నిన్నగాక మొన్న రొట్టెల కొట్టు దగ్గర కనిపించిందే అనుకుంటూ పోతాం. ఆ సంగతి తెలిసినవాడే ఈ కాగితం గీశాడు. తెలియక చేసిన విదేశీయుడైతే క్షమించవచ్చు. ఇది గీసినవాడి ఇంటి తలుపు మీద కూడా ఏదో ఒక రోజు వాడి నాయనమ్మ కాగితం వేలాడే ఉంటుంది.

అయితే నెవెనా గేటు ముందే ఆగిపోయింది అందుకు కాదు. ఫొటో చూసి. అది సీసా మీది ఫొటో కాదు. తలగుడ్డ లేదు. యాభై రెండేళ్ల దోబ్రిన్కా, తెల్ల కాలరు, చెవులకి చిన్న రాళ్ల దుద్దులు, పెదవులు మూసుకుని నేరుగా చూస్తోంది. ఈ ఫొటో ఎక్కడుంటుందో ప్రపంచంలో ఇద్దరికే తెలుసు.

గేటు లోపలినుంచి కాలుతున్న మిరపకాయల వాసన వస్తోంది.

“రా రా, గేటు దగ్గర నిలబడితే లోపల శవం ఉందేమో అనుకుంటారు,” అంది గీనా.

గీనా ఎదురింటావిడ. అరవై దాటింది, నోటికి తలుపు లేదు. పెరట్లో ప్లాస్టిక్ తొట్టి ముందు పీట వేసుకుని, కాలిన మిరపకాయల తొక్క ఒలుస్తోంది. మిరపకాయలు కాల్చే కరెంటు కుంపటి దగ్గర దోబ్రిన్కా నిలబడి ఉంది. డెబ్బై ఎనిమిదేళ్లు. ముంజేతుల దాకా మసి. తల మీద గుడ్డా లేదు, ఏమీ లేదు, పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు. జన్మలో ఎన్నడూ తలగుడ్డ కట్టని మనిషికి కంపెనీవాళ్లు కట్టి ఫొటో తీసుకున్నప్పుడు, పొట్ట పట్టుకుని నవ్వింది కూడా.

“కూర్చో అమ్మడూ,” అంది దోబ్రిన్కా. “ఏమన్నా తిన్నావా?”

“తిన్నాను మామ్మా.”

“అబద్ధం. గీనా, ఆ రొట్టె, జున్ను ఇటు తోయి.”

నెవెనా పీట మీద కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. గీనా ఆగేలా లేదు.

“నిన్న పొద్దున నువ్వు ఉండాల్సింది. ఈవిడ పళ్ల డాక్టరు దగ్గరికి పజార్జిక్ పట్నం పోయింది. నాకు చెప్పకుండా పోయింది చూడు, అదీ తప్పు. పాలు తెచ్చుకుందామని బయటికొస్తే గేటు మీద కాగితం. నా కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఫొటో చూశాను, గుండె జారిపోయింది. తాళం చెవి కుండీ కింద ఉంటుందని తెలుసు కదా, లోపలికి వెళ్లి, చావింట్లో చేసేట్టు గోడ అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పేశాను. పాపం ఊళ్లో ఆడవాళ్లు చావింట్లో పంచడానికి గోధుమలు ఉడకబెట్టారు, పంచదార కలిపారు. ఫాదరు కూడా వచ్చేశాడు. మనిషేది అని ఎవరూ అడగరే. పట్నం ఆస్పత్రిలో పోయిందేమో, అక్కణ్ణించి తెస్తున్నారేమో అనుకున్నాం అందరం.”

“తర్వాత?” అంది నెవెనా. అడగాల్సింది అదే కాబట్టి.

“తర్వాత ఏముంది, పన్నెండింటి బస్సు దిగి వచ్చింది శవం. బుగ్గ వాచి ఉంది. మాట్లాడలేదు, మత్తు సూది. పెరట్లో ముప్పైమంది. ఫాదరు సాంబ్రాణి ఊపుతున్నాడు. స్తాంకా ఒక్కతే కింద పడింది, మిగతావాళ్లు నిలబడే అరిచారు.”

గీనా నవ్వింది. దోబ్రిన్కా కూడా కొంచెం నవ్వింది. కుంపటి మూత తీసి, కాలిన మిరపకాయని పటకారుతో పైకి తీసి తొట్టిలో వేసింది. నెవెనా మాత్రం నవ్వలేకపోయింది. తన ముందున్న మిరపకాయ తీసుకుని తొక్క లాగడం మొదలుపెట్టింది. వేళ్లు చురచురమన్నాయి. ఐదేళ్ల వయసు నుంచి ప్రతి సెప్టెంబరులో ఈ పెరట్లో చేసిన పనే.

“సాయంత్రం మత్తు దిగాక ఫాదరు అడిగాడు నన్ను,” అంది దోబ్రిన్కా. “కొట్టిన గంట వెనక్కి తీసుకోవడానికి ప్రార్థన ఏదీ లేదమ్మా, ఏం చెయ్యమంటావ్ అని. ఉండనీ నాయనా, ముందే కట్టేసిన బిల్లనుకుందాం అన్నాను.”

“మామ్మా, నేను...”

“ఉండు. గీనా, లోపలికి పోయి సీసాలు కడుగు.”

“కడిగేశాగా.”

“మళ్లీ కడుగు.”

గీనా ఇద్దరి మొహాలూ చూసింది. తొట్టి పక్కకి నెట్టి లోపలికి పోయింది, వంటింటి కిటికీ మాత్రం తెరిచే ఉంచింది.

దోబ్రిన్కా కుంపటి ప్లగ్గు పీకింది. చేతులు తుడుచుకుంది. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. నెవెనా చిన్నప్పుడు తప్పు చేస్తే కూడా ఇలాగే, ముందు చేతులు తుడుచుకునేది.

“సీసా మీద నా మొహం మీకిచ్చాను,” అంది. “నువ్వడిగావు కాబట్టి ఇచ్చాను. తలగుడ్డ కట్టారు, సరే. మీ ఫ్యాక్టరీ పచ్చడిని నా చేతి పచ్చడన్నారు, సరే. టీవీలో ఎవరో ఆడమనిషి గొంతు పెట్టి నా చేత మాట్లాడించారు, దానికీ సరే. కానీ ఈ ఫొటో ఎక్కడిది అమ్మడూ? ఇది మూటలో ఉంటుంది.”

మూట అంటే ఇక్కడి ముసలివాళ్లు పెట్టె అడుగున దాచుకునే చావు మూట. దోబ్రిన్కా మూటలో ముదురు నీలం గౌను, ఒక్కసారీ తొడగని బూట్లు, కొత్త మేజోళ్లు, తువ్వాలు, కొవ్వొత్తి ఉన్నాయి. అన్నిటి మీద, కవరులో, ఈ ఫొటో. పోయిన ఏడు ఈస్టర్‌కి వచ్చినప్పుడు నెవెనాని ఒక్కదాన్నే గదిలోకి పిలిచి చూపించింది. నాకు పిల్లల్లేరు, ఇది నువ్వే చూసుకోవాలి, కాగితం మీద ఈ ఫొటోనే వెయ్యి, ఇందులో నేను ఎవరి కోసమూ నవ్వలేదు అంది. నెవెనా ఏడ్చింది. మర్చిపోకుండా ఉండడానికని, ముసలావిడ అటు తిరిగినప్పుడు సెల్‌ఫోన్లో ఫొటో తీసుకుంది. ఆ ఏడుపు కూడా నిజమైనదే. నెవెనా మీద నాకెంత అసహ్యం ఉన్నా, ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

ఆ తర్వాత ఫిబ్రవరి వచ్చింది. సోఫియాలో ఏడో అంతస్తు, పొడవాటి బల్ల, మధ్యలో శాండ్‌విచ్‌లు. బయటి దేశం నుంచి పెద్ద దొర వచ్చాడు. పేరు హెన్రిక్. దేశదేశాలూ తిరిగి అమ్మకాలు పెంచే మనిషి. గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. పోలండులో పచ్చళ్ల మీద ఒక ముసలమ్మ, రుమేనియాలో ఇంకో ముసలమ్మ, హంగరీలో మరో ముసలమ్మ. ఒక్కో దేశానికి ఒక్కో ముసలమ్మ, అదీ వాళ్ల వ్యూహం. ఈ దేశంలో పోటీ కంపెనీ తన సీసాల మీద మీసాల తాతని దింపింది. మీసాల తాత మన ముసలమ్మ అమ్మకాలని నాలుగు నెలల్లో సగానికి నెట్టేశాడు. పెద్ద పెద్ద బోర్డులు పెట్టినా ఎవరూ చూడటం లేదు. ఈ జనం అసలు ఏది చూస్తారు, ఏది నమ్ముతారు, నాకెవరైనా చెప్పండి అన్నాడు హెన్రిక్.

నెవెనా మాట్లాడింది. “మా ఊళ్లలో బోర్డులు ఎవరూ చూడరు. తలుపులు చూస్తారు. చావు కాగితం ముందు ఆగని మనిషి లేడు,” అంది. బల్ల చుట్టూ తలలు ఆమె వైపు తిరిగాయి. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో అలా తిరగడం అదే మొదటిసారి. ఆ తలలు తిరిగిన సంతోషంలో ఆమె ఇంకో అడుగు వేసింది. మా ముసలివాళ్లు ఆ కాగితానికి ఫొటో కూడా ముందే ఎంచి పెట్టుకుంటారు చూడండి అని ఫోన్ తీసి చూపించింది. ఫోన్ బల్ల చుట్టూ చేతులు మారింది. ఎవరో అరటిపండు తింటూ చూశారు. హెన్రిక్ “అద్భుతం” అన్నాడు. దాన్ని అందరికీ పంపించు అన్నాడు. పంపించింది.

ఛీ. ఆ మాట ఇప్పుడు నేననడం కాదు, పీట మీద కూర్చున్న నెవెనా తనకు తాను అనుకున్నదే.

“నేనే చూపించాను మామ్మా,” అంది. “మీటింగులో. పంపించింది కూడా నేనే. దీనికి వాడతారని మాత్రం తెలీదు.”

“దేనికి వాడతారనుకున్నావు?”

నెవెనా ఇంకో మిరపకాయ తీసుకుంది. ఏదో ఒకదానికి వాడతారనే కదా పంపింది.

దోబ్రిన్కా కుంపటి మూత పెట్టింది. తిట్టలేదు. తిడితే ఎంత హాయిగా ఉండునో అనిపించింది నెవెనాకి.

“అయితే ఇంకోటి వెతుక్కోవాలి,” అంది. “ఇది వాడేశావుగా. నేను నిజంగా పోయినప్పుడు ఇదే వేస్తే, పచ్చడి మళ్లీ వచ్చిందేమో అనుకుంటారు జనం.”

అంతలో గేటు ముందు కారు ఆగింది. ఓగ్న్యాన్ దిగాడు. నలభై ఐదేళ్లు, తెల్ల చొక్కా, చేతిలో పెద్ద పూలగుత్తి. తాను వస్తున్నట్టు నెవెనాకి చెప్పలేదు. ఆమె మీద నమ్మకం ఉంటే వచ్చేవాడు కాదు. గేటు మీది కాగితాన్ని, గోడకి తగిలించిన సొంత పెళ్లి ఫొటోని చూసినట్టు, తల పక్కకి వంచి ముచ్చటగా చూసుకుని లోపలికొచ్చాడు.

“మామ్మగారూ, మీరు ఇంత ఆరోగ్యంగా ఉన్నందుకు మా కంపెనీ అంతా...”

గీనా వంటింట్లోంచి ఎప్పుడొచ్చిందో వచ్చి పూలు అందుకుంది. వేలితో లెక్కపెట్టింది.

“ఇరవై,” అంది. “సరిసంఖ్య. చచ్చినవాళ్లకి పట్టుకెళ్లే లెక్క ఇది బాబూ. మీ ఆఫీసులో ఎవరూ చెప్పలేదా, ఈవిడ లేచి కూర్చుందని?”

ఓగ్న్యాన్ మొహం ఒక్క క్షణం వాడింది. తర్వాత నవ్వాడు. అలాంటివాళ్లకి ఎప్పుడూ ఒక నవ్వు సిద్ధంగా ఉంటుంది, జేబురుమాల్లాగా. గుత్తిలోంచి ఒక పువ్వు లాగి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“ఇప్పుడు పంతొమ్మిది. సరిపోయిందా? చూడండి మామ్మగారూ, నేను నిజం మాట్లాడతాను. జరిగినదానికి బాధపడుతున్నాం. కానీ జరిగింది చెడ్డదేమీ కాదు. పదకొండు ఊళ్లలో మీ గురించే మాట్లాడుకుంటున్నారు. మీసాల తాతని ఎవరైనా తలుచుకుంటున్నారా ఈ వారం? జనం మీ కోసం ఏడ్చారు. డబ్బులిచ్చి కొన్నా రాని ప్రేమ అది.”

“ఆ ఏడ్చినవాళ్లలో ఒకామె పడి తుంటి వాచింది,” అంది దోబ్రిన్కా. “స్తాంకా.”

“ఆవిడకి ఒక పెట్టె సీసాలు పంపిస్తాం.”

గీనా నోరు తెరిచి, మాట దొరక్క మళ్లీ మూసుకుంది. ఆ పెరట్లో అలా జరగడం ఎవరూ ఎరగరు.

“ఇంకో మాట,” అన్నాడు ఓగ్న్యాన్, ఎండలో కుర్చీ లాక్కుని కూర్చుంటూ. “పదిహేనో తారీఖున పజార్జిక్ చౌరస్తాలో పెద్ద సీసా పెడుతున్నాం, మనిషెత్తు. పైన నల్లగుడ్డ కప్పి ఉంటుంది. బ్యాండు వాయిస్తుంది, గుడ్డ తీస్తాం, లోపల మీరు. మామ్మ తిరిగొచ్చింది. ఏడ్చినవాళ్లే నవ్వుతారు. మీరు కాసేపు నిలబడితే చాలు, లోపల కుర్చీ కూడా వేయిస్తాను.”

నెవెనా తల దించుకుంది. ఓగ్న్యాన్ మాటలకి కాదు, ఆ మాటలు తనకి కొత్తగా అనిపించనందుకు. ఇలాంటివాటికి తను ఎన్నిసార్లు తలూపిందో, ఎన్నిసార్లు “ఇంకొంచెం మెత్తగా చెప్పొచ్చు” అని సవరణలు రాసి పంపిందో గుర్తొచ్చింది. చనిపోయినట్టు చెప్పి, ఏడిపించి, సీసాలోంచి లేపి, చప్పట్లు కొట్టించి, పచ్చడి అమ్ముకోవడం. దీనికి చదువుకున్నవాళ్లు పదిమంది కూర్చుని ఆరు నెలలు ఆలోచించారు. తనూ ఆ పదిమందిలో ఒకతె.

“సీసా సంగతి తర్వాత,” అంది దోబ్రిన్కా. “ఇప్పుడు దేనికొచ్చావు?”

“నెవెనా చెప్పలేదా? చిన్న కాగితం. మీకు ముందే తెలుసు, ఫొటో మీరే ఇచ్చారు. అంతే. టీవీ వాళ్లొచ్చే టైమయింది, వాళ్లకి ఒక్క ముక్క చూపిస్తే వెళ్లిపోతారు.”

దోబ్రిన్కా నెవెనా వైపు తిరిగింది. “సంచిలో ఉన్నది అదేనా?”

“అదే మామ్మా. కానీ నువ్వు పెట్టక్కర్లేదు.”

“పెట్టకపోతే ఏమవుతుంది?” ముసలావిడ అడిగింది ఓగ్న్యాన్‌ని.

“ఏమీ కాదు. అనుమతి ఇచ్చిన ఉత్తరం నెవెనా పేరు మీద ఉంది. అది బయటికి వస్తుంది. తర్వాత ఆమెకి ఇక్కడ ఎవరూ పనివ్వరు. అది మా చేతుల్లో ఉండదు మామ్మగారూ, నాకూ బాధగానే ఉంటుంది.”

“మామ్మా, వద్దు,” అంది నెవెనా. లేచి నిలబడింది. అయితే సంచి జిప్పు మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుందా అంటే, లేదు. దోబ్రిన్కా వచ్చి సంచి తెరిచి కాగితం తీసుకుంటుంటే చూస్తూ నిలబడింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమె మనసులో ఒక మూల, తీసుకోనీ, పెట్టనీ అనుకుంది. ఫ్లాటు వాయిదాలు, ఎనిమిదేళ్ల కష్టం, అన్నీ ఆ మూలలోనే కూర్చుని ఉన్నాయి.

దోబ్రిన్కా ఎప్పుడూ అద్దాలు లేకుండానే సంతకం పెడుతుంది. మసి చేతులతో తొట్టి అంచు మీద కాగితం పరిచింది. ఓగ్న్యాన్ పెన్ను ఇచ్చాడు. కింద పెద్ద పెద్ద అక్షరాలతో పూర్తి పేరు రాసింది. కాగితం మీద మిరపకాయ రసం మరక పడింది.

“తీసుకో,” అని ఓగ్న్యాన్‌కి ఇచ్చేసింది. ఓగ్న్యాన్ కాగితం నాలుగు మడతలు వేసి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

టీవీ వాళ్లు పన్నెండుకి పది నిమిషాల ముందే దిగారు. ఇస్క్రా అనే చిన్న వయసు అమ్మాయి, చేతిలో మైకు, వెనకాల కెమెరా పట్టుకున్న బట్టతలాయన. వాళ్ల వెనకే మేయరు. మేయరు వెనక ఊళ్లో ఆడవాళ్లు పదిహేనుమంది, నిన్న గోధుమలు ఉడకబెట్టినవాళ్లే. గేటు తీసే ఉంది, పెరడు నిండిపోయింది. తుంటి వాచిన స్తాంకా కూడా కర్ర పట్టుకుని వచ్చి గోడ పక్కన నిలబడింది.

ఇస్క్రా మర్యాదగానే అడిగింది. “మామ్మగారూ, మీరు చనిపోయారని మీ సొంత గేటు మీదే కాగితం అంటించారు. మీ అనుమతి తీసుకున్నారా?”

దోబ్రిన్కా కెమెరా వైపు చూడలేదు. పెరట్లో నిలబడ్డ ఆడవాళ్ల వైపు చూసింది. వాళ్లతో డెబ్బై ఏళ్లుగా ఒకే బావి నీళ్లు తాగింది. ఊళ్లో ఎవరి పాలు పల్చనో, ఎవరి కొడుకు దొంగో మొహం మీదే చెప్పి, అందుకే కొందరితో పదేళ్లు మాటలు మానుకున్న మనిషి.

“తీసుకున్నారు,” అంది. “నాకు ముందే తెలుసు. ఫొటో నేనే ఇచ్చాను.”

స్తాంకా కర్ర మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగింది.

“తెలిసే మమ్మల్ని ఏడిపించావా దోబ్రిన్కా?” అంది. కోపంగా అనలేదు. అర్థంకాక అడిగినట్టు అడిగింది.

“తెలిసే,” అంది దోబ్రిన్కా.

గీనా చేతిలో పూలు పక్కన పడేసింది. ఆడవాళ్లలో ఒకామె శిలువ వేసుకుంది. ఇంకొకామె వెనక్కి తిరిగి గేటు వైపు నడిచింది. ఓగ్న్యాన్ ముఖంలో, పని సవ్యంగా జరిగిపోతున్నప్పుడు ఆఫీసులో కనిపించే ఆ ప్రశాంతత వచ్చింది. ఇస్క్రాకి ఏదో తేడా కొట్టింది. మైకు నెవెనా వైపు తిప్పింది.

“మీరు కంపెనీ తరఫున కదండీ? ఆవిడ మీ ముందే ఫొటో ఇచ్చారా?”

కెమెరా ఎర్ర దీపం వెలుగుతోంది. నెవెనా దోబ్రిన్కాని చూసింది. ముసలావిడ కళ్లు చిన్నగా, కచ్చితంగా, ‘ఊఁ అను’ అన్నాయి. నెవెనాకి చిన్నప్పుడు జ్వరంలో చేదు మందు తాగించేటప్పుడు అవే కళ్లు.

“లేదు,” అంది నెవెనా. “ఆవిడకేమీ తెలీదు. ఆ ఫొటో ఆవిడ తన చావుకి దాచుకున్నది. నన్ను నమ్మి చూపిస్తే, నేను దొంగచాటుగా తీసి ఆఫీసులో పంచిపెట్టాను. ఆవిడ ఇప్పుడు చెప్పింది నా కోసం ఆడిన అబద్ధం.”

చెప్పేసింది. గుండె మీంచి బరువు దిగుతుందనుకుంది. దిగలేదు.

దోబ్రిన్కా నెమ్మదిగా ఆమె ముందుకొచ్చి నిలబడింది. మసి చేతులు రెండూ గౌనుకి తుడుచుకుంది.

“నా జన్మలో ఈ ఊరి ముందు ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడలేదు,” అంది, మైకుకి కూడా అందనంత మెల్లగా. “ఇవాళ ఆడాను. నీ కోసం ఆడాను. దాన్ని కూడా దక్కనివ్వలేదు నువ్వు.”

లోపలికి వెళ్లింది. గడియ పడిన చప్పుడు పెరట్లో అందరికీ వినిపించింది.

ఇస్క్రా మైకు దించింది. మేయరు ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుంటున్నారు, వెళ్లిపోవాలో తలుపు తట్టాలో తేలక. ఓగ్న్యాన్ మాత్రం కంగారుపడలేదు. నెవెనా పక్కకి వచ్చి, కెమెరాకి వీపు పెట్టి, లోపలి జేబు మీద రెండు వేళ్లు ఆనించాడు.

“మంచిపని చేశావు,” అన్నాడు మెత్తగా. “ఫొటో తనే ఇచ్చానని, కాగితాలు అంటించకముందు తేదీ మీద, ఆవిడ మాకు సంతకం పెట్టి ఇచ్చింది. అది అబద్ధమని ఇప్పుడు నువ్వే దేశం ముందు రుజువు చేశావు. మేం ఆవిడ మాట నమ్మి మోసపోయిన కంపెనీ. కోర్టుకి వెళ్తే దోషి నువ్వు కూడా కాదు నెవెనా. ఆ ముసలావిడే.”